వాన తర్వాత పలికిన కొండ

అరకు లోయకి మేం చేరిన రోజు నేల కాల్చిన ఇటుకలా ఉంది. బూటు మడమ ఆనిస్తే టక్కుమంది. వైశాఖం సగమైంది. శృంగవరపుకోట దాకా ఎడ్లబళ్ల మీద వచ్చాం. అక్కణ్ణించి ఘాటీ కాలినడక. సామాను కంచరగాడిదల మీద, మేం మా కాళ్ల మీద. అనంతగిరి దాటేసరికి నా కాళ్లకి చుట్టిన ఖాకీ పట్టీలు చెమటకి తడిసి, మళ్లీ ఎండి, అట్టలు కట్టాయి. కొండ మీద చల్లగా ఉంటుందని బయల్దేరేముందు మాకు చెప్పినవాడెవడో గాని, ఆ మధ్యాహ్నం వాణ్ణి నాకు చూపిస్తే ఊరుకునేవాణ్ణి కాదు.

నా వీపున తుపాకీ. నడుముకి నీళ్లసీసా. రెండు చేతుల మధ్య ఒక చెక్కపెట్టె. దాన్ని కంచరగాడిద మీద వెయ్యనివ్వలేదు మా కెప్టెన్ దొర.

"గాడిద లోయలో పడితే ఇంకోటి దొరుకుతుంది. పెట్టె పడితే దొరకదు," అన్నాడు హిందుస్తానీలో.

నేను పడితే సంగతేమిటో చెప్పలేదు.

ఆ పెట్టె గురించి ముందు చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది మీకు అందదు. పెద్ద యుద్ధంలో ఫ్రాన్సు పొలాల నిండా పేలని గుండ్లు దిగబడిపోయాయి. యుద్ధం ఆగినా అక్కడి రైతు నాగలి పెట్టలేకపోయాడు. ఆ గుండ్లని వెతకడానికి పుట్టిన యంత్రం అది. రెండు చెక్క చట్రాలు, వాటి చుట్టూ రాగితీగ. ఒక చట్రంలోకి బ్యాటరీ కరెంటు పోతుంది. రెండోదానికి టెలిఫోను డొప్పలు తగిలించి ఉంటాయి, అవి నా చెవులకి. చట్రాలు రెండూ ఒకదానికొకటి సరిగ్గా సర్దుకుంటే డొప్పల్లో చప్పుడు ఉండదు. దాన్ని మేం శ్రుతి పెట్టడం అనేవాళ్లం. శ్రుతి పెట్టిన చట్రాన్ని నేల మీద జరుపుకుంటూ పోతే, కింద ఇనుమున్న చోట శ్రుతి చెడి గుయ్యిమంటుంది. యంత్రమంతా అంతే. మిగతాదంతా వినేవాడి ఓపిక.

నేను సాపర్ల పటాలంలో హవల్దారుని. సాపర్లంటే రోడ్లు వేసి, వంతెనలు కట్టి, గోతులు తవ్వే సైనికులు. ఫ్రాన్సుకి మా ఊరి నుంచి ఇద్దరం వెళ్లాం, నేనూ మా అన్న అప్పలసూరీ. మాది పాచిపెంట కొండల కింద ఊరు. తిరిగొచ్చింది నేనొక్కణ్ణే. అన్న ఒక వానలో, ఒక దాడిలో, బురదలో పోయాడు. ఒళ్లు దొరకలేదు. యుద్ధం ఆగాక అవే పొలాల్లో పెట్టె పట్టుకుని నెలల తరబడి తిరిగాను. గుండ్ల ముక్కలు దొరికాయి. గుర్రపు నాడాలు దొరికాయి. బెల్టు బకిలీలు దొరికాయి. పెట్టె ఇనుముని వింటుంది, మనిషిని వినదు. ఆ మాట నాకు నేనే చెప్పుకుని ఇంటికొచ్చాను. వచ్చి చూస్తే మా వదిన అన్న కొడవలిని చూరులో దోపి ఉంచింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, తను కూడా ముట్టుకోలేదు.

సరే, అరకు. లోయకి పడమటి కొండ భుజం మీద సిల్లగుడ అనే ఊరు. గడ్డికప్పు ఇళ్లు రెండు వరసలు, వాటి పైన మెట్లు మెట్లుగా ఎర్రటి చేలు. ఊరికి ఎడంగా మామిడిచెట్ల కింద మా డేరాలు. కొండ అంచున అద్దం సిగ్నలర్ తన మూడుకాళ్ల కొయ్య నిలబెట్టాడు. అప్పట్లో మాకు రేడియో లేదు. ఎండని అద్దంలో పట్టి తళుక్కుమనిపించి, ఆ తళుకుల్లోనే లోయకి అవతలున్న పెద్ద క్యాంపుతో మాట్లాడేవాళ్లం. ఎండ ఉంటేనే మాట. మబ్బు పడితే మూగ.

మర్నాడు పొద్దున్న ఆరింటికి కెప్టెన్ మమ్మల్ని నిలబెట్టి ఉత్తర్వు చెప్పాడు. కింద అడవిలో ఎవరో ఒక ఠాణా మీద పడి తుపాకులు ఎత్తుకుపోయారు. అవి సిల్లగుడ చేలల్లో పాతిపెట్టి ఉన్నాయని కబురు. దొరికితే ఊరు కాల్చాలి, జనాన్ని మైదానంలోకి దించాలి, ఊరిపెద్దని సంకెళ్లతో కిందికి పంపాలి. దొరక్కపోతే ఊరి జోలికి పోకుండా దిగి వచ్చెయ్యాలి.

అంటే, పెట్టె మోగితే ఊరు కాలుతుంది. మోగకపోతే మిగులుతుంది. నా చెవుల మీద అంత బరువు అంతకుముందెప్పుడూ పడలేదు.

ఊరిపెద్ద బుద్రన్న. ముసలివాడే గాని నడుము వంగలేదు. మొలకో గుడ్డ, భుజాన గొడ్డలి, చేతిలో ఆనపకాయ బుర్ర నిండా నీళ్లు. నాకు నీళ్లిచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏటి బాబూ ఇది?"

"భూమిలో ఉన్న ఇనుముని పట్టే యంత్రం, తాతా."

"ఎలగ పడతాది? ఇనుము మాట్లాడతాదా?"

"మాట్లాడదు. మూలుగుతుంది. నాకు వినిపిస్తుంది."

అతను నవ్వలేదు. పైనున్న చేల వంక చాలాసేపు చూశాడు. "తుపాకులు మా ఊళ్లో నేవు బాబూ. ఎతుక్కోండి," అని వెళ్లిపోయాడు. అతని మొహంలో భయం కనబడలేదు. అందుకు నేను సంతోషించాను.

మొదటి వెతుకులాట అట్టే చెప్పడానికేం లేదు. నేను ముందు చట్రంతో, నా వెనక బ్యాటరీ మోసేవాడు. సాలూరువాడు, నోరు ఊరుకోదు. పైచేను మొదలు కిందిచేను దాకా, గట్టూ గుట్టా ఒదలకుండా తిరిగాం. డొప్పల్లో ఏమీ లేదు. చిల్లర పైసా కూడా మోగలేదు.

"హవల్దారు గారూ, ఈ పెట్టికి సెవుడొచ్చినట్టున్నాది," అన్నాడు బ్యాటరీవాడు. "దీన్ని మా మావకిచ్చీండి. మా అత్త అరుపులికి ఇదే బాగుంతాది."

యంత్రం చెడిపోయిందేమోనని నాకూ అనుమానం వచ్చింది. నా బాయ్‌నెట్ తీసి జానెడు లోతున పాతి చూశాను, మోగింది. మోచేతి లోతున పాతి చూశాను, మోగలేదు. ఫ్రాన్సులో మోకాలి లోతు గుండుని కూడా నిద్రలేపి అరిచేది ఇదే పెట్టె. అప్పుడు తట్టింది. అక్కడ నేల ఎప్పుడూ తడే. పొడినేల మీద ఈ పెట్టెని మేమెవరం ఎన్నడూ వాడలేదు. పొడినేలలో దానికి చెవి దూరం తక్కువ.

కెప్టెన్ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. "నేల ఎండి ఉంది దొరా. పైపైన ఏమీ లేదు. లోతున ఏముందో ఇది చెప్పలేదు." ఆయన పైపు కొరుకుతూ ఆకాశం వంక చూశాడు. ఆకాశం ఖాళీగా ఉంది. "ఎల్లుండి దిగుదాం," అన్నాడు.

ఎల్లుండి దాకా ఆగలేదు ఆకాశం. ఆ సాయంత్రం నాలుగింటికే ఒడిసా వైపు కొండలు నల్లబడ్డాయి. ముందు గాలి లేచింది, డేరా తాళ్లు వణికాయి. తర్వాత వాన. మన మైదానంలో వాన మీద పడుతుంది. అక్కడ మనమే వానలో ఉంటాం, పైనా కిందా పక్కనా అదే. మామిడికాయలు డేరాల మీద దబదబ రాలాయి. పొయ్యి ఆరిపోయింది. బ్యాటరీలని నా దుప్పట్లో చుట్టి నేను తడిశాను. చీకటి పడేవేళకి వాన వెలిసింది. చేలల్లోంచి ఒక వాసన లేచింది. తడిసిన మట్టివాసన మీకు తెలుసు. దాంట్లో ఇంకో వాసన కలిసి ఉంది, కొలిమి దగ్గర ఎర్రటి ఇనుముని నీళ్లలో ముంచితే వచ్చే వాసన. పొలంలోంచి ఆ వాసన ఎందుకొచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

తెల్లారేసరికి ఊరు ఊరంతా చేను గట్ల మీదుంది. బుద్రన్న కోడలు సుక్రి సామవిత్తనాల బుట్ట నడుముకి ఆనించుకుని నాకు అడ్డం వచ్చింది.

"వాన పడ్డాది బాబూ. ఇత్తనాలు ఎయ్యాల. మీ పెట్టి తీసీండి."

"దొర మళ్లీ వెతకమన్నాడమ్మా."

"నిన్న ఎతికినారు గదా. మళ్లీ ఏటి?"

జవాబు నా దగ్గరుంది. అది నేను దొరకి ఇచ్చిన జవాబే. ఆమెకి చెప్పలేక చట్రం దించాను.

దించగానే డొప్పల్లో గుయ్యిమంది. కంగారుపడలేదు. తడినేల తనంతట తనే కొంచెం మూలుగుతుంది, అందులోనూ ఎర్రమట్టి. ఆ మూలుగు పల్చగా, వెడల్పుగా, ఎక్కడికి జరిపినా ఒకేలా ఉంటుంది. ఇనుము మూలుగు వేరు. దగ్గరికి పోతుంటే లేస్తుంది, దాటితే పడిపోతుంది. అంచేత ఆ తడి మట్టి మీదే మళ్లీ శ్రుతి పెట్టాను. నేల మూలుగు ఆగింది. ఒక అడుగు వేశాను.

లేచింది. పడింది. ఇంకో అడుగు. లేచింది, పడింది. గట్టు పొడుగునా, నిన్న చచ్చినట్టు పడున్న అదే గట్టు పొడుగునా, అడుగడుగుకీ ఒకటి పలుకుతోంది. పైమెట్టుకి ఎక్కాను. అక్కడా అంతే. ఆ పైమెట్టులో ఇంకా సన్నగా, ఇంకా లోతుగా. కొన్ని దగ్గరగా పిలిచినట్టున్నాయి, కొన్ని గుమ్మం అవతల్నించి పిలిచినట్టున్నాయి.  ఫ్రాన్సులో ఎన్నో పొలాలు విన్నాను. అక్కడ ఇనుము ఎక్కడ పడితే అక్కడ చెల్లాచెదరుగా అరిచేది. ఇక్కడ వరస ఉంది. ఎవరో కూర్చోబెట్టినట్టు ఉంది. కొండ కొండంతా బారులు తీరి కూర్చుని పలుకుతోంది.

నా మొహం చూసి బ్యాటరీవాడు కూడా నోరు మూసుకున్నాడు. "ఏటయ్యింది హవల్దారు గారూ?" అన్నాడు చివరికి. డొప్ప ఒకటి తీసి వాడి చెవికి పెట్టాను. వాడు కళ్లు పెద్దవి చేసి, పెట్టెకి దణ్ణం పెట్టబోయి, నన్ను చూసి మానేశాడు.

కెప్టెన్ కూడా విన్నాడు. ఆయన మొహం గట్టిపడింది. "ఇన్ని తుపాకులా! ఇది ఒక ఠాణావి కాదు," అన్నాడు. అప్పుడే మబ్బుల మధ్య కాస్త ఎండ చిమ్మింది. సిగ్నలర్‌ని కేకేసి కబురు పంపించాడు: నేల నిండా ఇనుము, ఉత్తర్వు చెప్పండి. అవతల కొండ మీద తళుకు మొదలైంది. సిగ్నలర్ ఒక్కొక్క అక్షరం పైకి చదువుతుండగానే మబ్బు మూసేసింది.

"సగమే అందింది దొరా."

"ఏమని?"

"'ఊరిని' అన్నారు. ఏం చెయ్యమన్నారో రాలేదు."

సిపాయిలు అప్పటికే ఎండుగడ్డి మోపులు ఇళ్ల పక్కకి చేరుస్తున్నారు. నేను వెళ్లి సెల్యూట్ కొట్టి నిలబడ్డాను. "దొరా, ఇనుముందని పెట్టె చెప్పింది. తుపాకీ అని చెప్పలేదు. తవ్వి చూడనివ్వండి."

ఆయన పైపు నోట్లోంచి తీశాడు. చెడ్డవాడు కాదు. ఫ్రాన్సులో ఆయన కూడా అదే బురద తిన్నాడు. "సగం ఉత్తర్వు మీద ఊరు కాల్చను," అన్నాడు. "ఎండ వచ్చేదాకా తవ్వు. ఒక్క తుపాకీ గొట్టం కనబడినా మిగతా సగం నాకక్కర్లేదు."

బుద్రన్నని తీసుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. పార చూడగానే అతను మొదటిసారి కదిలిపోయాడు.

"తవ్వకండి బాబూ. ఇచ్చీసినది తియ్యకూడదు."

"ఎవరికి ఇచ్చావని అడుగు," అన్నాడు కెప్టెన్.

అడిగాను.

"కొండకి," అన్నాడు బుద్రన్న.

కెప్టెన్ తవ్వమని చెయ్యూపాడు. మొదటి చోట జానెడున్నర లోతున పార గీసుకుంది. చేతులతో మట్టి తీశాను. కొడవలి. కొడవలి అనడానికి కూడా లేదు, అరిగి అరిగి నా వేలంత సన్నబడిపోయిన వంకీ. కర్రపిడి లేదు. దాన్ని ఎవరో పారేసినట్టు లేదు. కింద పల్చటి రాయి వేసి, దాని మీద నిద్రపుచ్చినట్టు పడుకోబెట్టి ఉంది. తర్వాత తలో చోటా సిపాయిలు తవ్వారు. రెండో చోట గొడ్డలి, నోరు అరిగిపోయి బొటనవేలంత మిగిలింది. మూడో చోట నాగలి కర్రు. తర్వాత బాణం ములికి. తర్వాత మళ్లీ కొడవలి. ములికి తప్ప అన్నీ అరిగిపోయినవే. అన్నిటి కిందా రాయి.

కెప్టెన్ వాటిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బుద్రన్న ఇంక ఆపలేదు. చెయ్యి చాపాడు. మొదటి కొడవలిని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో అంచు తడిమాడు.

"ఇది మా అమ్మది. సూడు బాబూ, కొన కాడ అరగనేదు, నడువు కాడ అరిగినాది. మా అమ్మ అలగే కోసీది, పైట సెంగు సదురుకుంటా." గొడ్డలి తీసుకున్నాడు. "ఇది మా పెదనాన్నది. ఎడంసేతి వాటం. అందుకే ఈ పక్క పోయినాది." బాణం ములికి దగ్గర ఆగాడు. "ఇది నా కొడుకుది. సుక్రి మొగుడిది. పులి తీసుకుపోయినాది. అరగక ముందే ఇచ్చీసినాం."

నాలో ఉన్న హవల్దారు అక్కడే ఎక్కడో కూర్చుండిపోయాడు. ఎందుకిలా చేస్తారని మామూలు మనిషిలాగే అడిగాను.

"ఇనుము మాది కాదు గదా బాబూ. మా తాతల నాడు కొండకమ్మరోళ్లు ఈ ఎర్రరాయే కాల్సి తీసీవోరు. కొండే ఇచ్చినాది. అరిగిపోయినాక కొండకే ఇచ్చీత్తాం. తొలివాన పడ్డాక, ఇత్తనం ఎయ్యక ముందల. అది అరగదీసినోళ్ల పేరు పిలిసి పెడతాం. ఆళ్లు సచ్చిపోయినా పని అవుపోనేదు, సేను కింద ఉన్నారు."

"నిన్న ఎందుకు చెప్పలేదు తాతా?"

"మీరు తుపాకులు అడిగినారు. తుపాకులు నేవన్నాను. ఇయ్యి నీకు ఇనపడతాయని నాకేటి తెలుసు?"

నిజమే. ఎవరికి తెలుసు?

కెప్టెన్ అంతా తర్జుమా చేయించుకుని విన్నాడు. కాని ఆయనకి ఒక ముల్లు మిగిలింది. పైచేను మూల ఒకచోట పెట్టె అన్నిటికన్నా గట్టిగా, అన్నిటికన్నా వెడల్పుగా మోగింది. అంత మోతకి ఒక కొడవలి చాలదు. తుపాకుల మోపు ఉంటే అక్కడే ఉండాలి. "అది తవ్వాక నమ్ముతాను," అన్నాడు. నాకూ ఆ చోటు భయంగానే ఉంది. అబద్ధం ఎందుకు, బుద్రన్నని నమ్మిన నేను ఆ మోతని కూడా నమ్మాను.

జానెడు తీశాం, ఏమీ లేదు. మోత పెరిగింది. మోచేతి లోతు తీశాం, ఏమీ లేదు. మోత ఇంకా పెరిగింది. ఊరు ఊరంతా గట్ల మీద చేరి చూస్తోంది. సుక్రి బుట్ట దించలేదు. మోకాలి లోతుకి వచ్చేసరికి పార పక్కన పెట్టమన్నాను. బోర్లా పడుకుని చేతులతో మట్టి పొరలు పొరలుగా తీశాను. చల్లటి తడి మట్టి. దాని కింద పల్చటి రాయి అంచు తగిలింది. రాయి మీద...

రాయి మీద కొడవలి ఉంది, ఇనుము లేదు.

ఎలా చెప్పను? తడి మట్టిలో కొడవలి ఆకారం. వంకీ, కొన, పిడి దూర్చే తోక, అన్నీ ఉన్నాయి. చుట్టూ మట్టి ముదురు గోధుమరంగు, అది మాత్రం ఎర్రగా, గోరింటాకు పండినట్టు. వేలు పెడితే వేలికి మట్టే అంటింది. ఎన్ని తరాల కిందటిదో, ఇనుమంతా తుప్పై, తుప్పంతా మట్టిలోకి దిగి, మట్టి దాని రూపు ఒదలకుండా పట్టుకుని ఉంది. ఎండలో నోరు విప్పని ఆ మట్టి వాన తాగేసరికి, లేని కొడవలి ఉన్నదానికన్నా పెద్దగా పలికింది. తుప్పు చుట్టూ పాకి, తడి దాన్ని కలిపి, పెట్టెకి పెద్ద ఇనుములా వినిపించిందని తర్వాత ఒక ఇంజనీరు నాకు చెప్పాడు. అయ్యుండొచ్చు. ఆ గోతిలో పడుకుని డొప్పలు పెట్టుకున్నవాడికి ఆ మాట చాలదు.

కెప్టెన్ టోపీ తీసి గోతిలోకి దిగాడు. నా చెవుల మీంచి డొప్పలు తీసుకుని తను పెట్టుకున్నాడు. చట్రాన్ని తనే ఆ ఎర్రటి వంకీ మీదికి తెచ్చాడు, పక్కకి తీశాడు, మళ్లీ తెచ్చాడు. అలా చాలాసేపు చేశాడు. లేచేసరికి మోకాళ్ల నిండా ఎర్రమట్టి, దులుపుకోలేదు.

సరిగ్గా అప్పుడే ఎండ వచ్చింది. అవతల కొండ మీద తళతళమని తళుకు. "ఉత్తర్వు మళ్లీ పంపుతున్నారు దొరా!" అని అరిచాడు సిగ్నలర్.

"ముందు మనది పంపు. తుపాకులు లేవు. పాత కొడవళ్లు. గోతులు పూడ్చి దిగుతున్నాం."

"పాత కొడవళ్లన్న మాట కూడా పంపాలా?"

"పంపు."

అవతలివాళ్లకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నారు. సిగ్నలర్ మళ్లీ పంపాడు. మళ్లీ అడిగారు. మూడోసారి పంపాక, చాలాసేపటికి, "సరే" అని వచ్చింది. ఆ 'ఊరిని' తర్వాత ఏ మాట ఉండేదో మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. సిపాయిలు ఎండుగడ్డి మోపులు తీసుకెళ్లి కంచరగాడిదలకి వేశారు. నేను గట్టు మీద కూలబడ్డాను. 

ఆ తుపాకులు ఏమయ్యాయో నాకు ఇవాళ్టికీ తెలీదు.

తీసినవన్నీ మళ్లీ పెట్టాలి. ఊరివాళ్లు పెట్టబోతే బుద్రన్న ఒప్పుకోలేదు. "తీసినోళ్లే పెట్టాల. పేరు పిలిసి పెట్టాల," అన్నాడు. కెప్టెన్ తలూపాడు. అప్పుడు మీరు మా పటాలాన్ని చూడాలి. తుపాకులు పక్కన పడేసి, మీసాల మీద మట్టితో, ఒక్కొక్కడు ఒక్కొక్క గోతి ముందు మోకరించాడు. బుద్రన్న పేరు చెప్తాడు, వాళ్లు ఆ పేరు పిలిచి ఇనుముని రాయి మీద పెడతారు. అత్తగారి మీద అన్ని హాస్యాలాడిన బ్యాటరీవాడికి బుద్రన్న తల్లి కొడవలి వచ్చింది. "సోమారి" అని పిలవాలి. వాడి గొంతు రెండుసార్లు తప్పింది. మూడోసారి "సోమారమ్మా" అన్నాడు. బాణం ములికిని సుక్రి ఎవరికీ ఇవ్వలేదు. తనే రాయి మీద పెట్టింది. ఏమని పిలిచిందో గాలికి మాకు వినపడలేదు.

నా వంతు ఆ ఎర్రగుర్తు గొయ్యి.

"దీని పేరేమిటి తాతా?"

"తెలీదు బాబూ. మా తాతకీ తెలీదు. ఇనుము పోయినాది, పేరూ పోయినాది."

"మరి పిలవకుండా పూడ్చనా?"

"అలగెలాగ?" అన్నాడు. "నీకు పలికినాది గదా. నువ్వే ఎవుల్నైనా పిలు. పేరు నేనోడు అక్కడ ఉన్నాడు, సోటు నేనోడు నీకు ఎవుడైనా ఉంతే ఇక్కడ ఉంతాడు."

చోటు లేనివాడు. ఆ ముసలివాడికి నా గురించి ఏమీ తెలీదు. నేనేమీ చెప్పలేదు. ఫ్రాన్సు బురదలో నెలల తరబడి చట్రం జరుపుతూ వెతికాను, ఒక్కసారి కూడా నోరు విప్పి పిలవలేదు. చుట్టూ మనుషులుంటే సిగ్గు, లేకపోతే భయం. ఆ ఎర్రటి వంకీ మీద రెండు చేతులా మట్టి పోస్తూ "అన్నా" అన్నాను. తర్వాత "అప్పలసూరీ" అన్నాను. అని ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు. బుద్రన్న నా పక్కన కూర్చుని తనూ రెండు గుప్పిళ్లు పోశాడు.

ఆ మధ్యాహ్నమే సుక్రి విత్తనాలు చల్లింది.

ఘాటీ దారి ఆరేదాకా మేం ఇంకో రెండు రోజులున్నాం. బాగా ఎండ కాసింది. దిగే రోజు పొద్దున్న ఎవరికీ చెప్పకుండా పెట్టె తీసుకుని పైచేనుకి వెళ్లాను. నేల మళ్లీ గట్టిపడుతోంది. గట్టు మీద దగ్గరగా ఉన్నవి ఒకటి రెండు సన్నగా పలికాయి. పైమూల ఏమీ పలకలేదు. కొండ నోరు మూసుకుంది. ఉన్నవాళ్లు ఉన్నారు, అంతే.

ఘాటీ దిగి, శృంగవరపుకోట, విజయనగరం, సెలవు పుచ్చుకుని సాలూరు మీదుగా ఇల్లు. మా ఊళ్లో ఇంకా వాన పడలేదు. వదిన అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"కొండ మీద ఏటి సూసినావు మరిదీ?"

ఫ్రాన్సు గురించి ఆవిడ ఎన్నిసార్లు అడిగినా నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఆ పూట సిల్లగుడ సంగతి మొత్తం చెప్పాను. అన్న పేరు పిలిచినట్టు కూడా చెప్పాను. ఆవిడ లేచింది. కంచం తీసి వెళ్లిపోయింది. తప్పు చేశానేమో అనుకున్నాను.

వారం తిరక్కుండా తొలివాన పడింది. పొద్దున్నే వదిన పీట వేసుకుని చూరులోంచి కొడవలి తీసింది. ఇన్నేళ్లకి మొదటిసారి. చేతిలో పెట్టుకుని, కొంగుతో బూజు తుడిచి, అంచు మీద బొటనవేలు నడిపింది.

"కొన కాడ అరిగినాది సూడు. మీ అన్నకి పతీదీ బేగి అవుపోవాల. కొనతో లాగీసీవోడు," అంది. నవ్వింది కూడా. "పద మరిదీ. కొండ మీద నువ్వు పిలిసినావు. ఇక్కడ నాను పిలుత్తాను."

మా చేను మూల, మోకాలి లోతున, పల్చటి రాయి మీద అన్న కొడవలి పడుకుంది. వదిన పేరు పెట్టి పిలిచింది. మా వైపు ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. ఆవిడ బతుకులో అదొక్కసారే. మర్నాడు ఆ చేలోనే చోళ్లు, అదే రాగులు, చల్లాం.

యుద్ధం గురించి చెప్పమని మీరు అడుగుతుంటారు. నేను కాల్చిన తుపాకీ నాకు సరిగ్గా గుర్తు రాదు. గుర్తొచ్చేది వేరు. వాన మొదలైతే మీరు గొడుగులు వెతుక్కుంటారు. నేను చేను వైపు చూస్తాను. మోకాలి లోతు గోతిలో, తడి మట్టిలో, ఎర్రగా ఒక కొడవలి. వేలు పెడితే మట్టే అంటుతుంది. చెవిలో మాత్రం మనిషి పిలిచినట్టు మోగుతుంది.